గూస్‌నెక్ ట్రెయిలర్ లాగాలంటే పికప్‌కి వైరింగ్ ఎలా చేయాలి: బెడ్ సాకెట్ నుంచి బ్రేక్ కంట్రోలర్ దాకా

టెక్సస్‌లో ఊరి బయట పదెకరాలో ఇరవై ఎకరాలో కొనుక్కున్న మనవాళ్లు మొదట ట్రాక్టర్ కొంటారు, తర్వాత దాన్ని మోయడానికి గూస్‌నెక్ ట్రెయిలర్ (పికప్ వెనక సామాను వేసే బెడ్‌లో బిగించిన ఇనుప బాల్ మీద మెడ ఆనించి లాగే ట్రెయిలర్) కొంటారు, ఆ తర్వాత పికప్ బెడ్‌లో బాల్ బిగించే షాపు వెతుక్కుంటారు. బాల్ పని ఒక పూటలో అయిపోతుంది. వైరింగ్ దగ్గరకొచ్చేసరికి మాత్రం లైట్లు వెలుగుతున్నాయిగా, ఇంకేం కావాలి అంటారు. లైట్లు వెనక వచ్చేవాడి కోసం. మిమ్మల్ని ఆపేది బ్రేకుల వైరు. రెండు 7,000 పౌండ్ల యాక్సిల్స్ ఉన్న మామూలు గూస్‌నెక్‌కే లోడుతో కలిపి 14,000 పౌండ్ల దాకా రేటింగ్ ఉంటుంది, అంటే మీ ట్రక్కు బరువుకి దాదాపు రెట్టింపు. ట్రెయిలర్ బ్రేకులు పనిచేయకపోతే ఆ బరువంతా ట్రక్కు బ్రేకుల మీదే పడుతుంది, అవి దానికోసం పెట్టినవి కావు. టెక్సస్ చట్టం కూడా మొత్తం బరువు 4,500 పౌండ్లు దాటిన ట్రెయిలర్‌కి బ్రేకులు ఉండాలంటుంది.

అందుకే ఇందులో ఎక్కువ చోటు బ్రేకు వైరుకీ, గ్రౌండ్‌కీ (కరెంటు తిరిగి బ్యాటరీకి వెళ్లే దారికీ) ఇచ్చాను. మిగతావి తేలిక.

ముందు మీ ట్రక్కులో ఏముందో చూసుకోండి

మూడు రకాలుగా ఉండొచ్చు. ఫ్యాక్టరీలోనే గూస్‌నెక్ ప్రెప్ ప్యాకేజీ తీసుకున్న ట్రక్కయితే బెడ్ లోపలి గోడ మీద, డ్రైవర్ వైపు, మూత ఉన్న గుండ్రటి 7-పిన్ సాకెట్ ఉంటుంది, డాష్‌లో బ్రేక్ కంట్రోలర్ (మీరు పెడల్ నొక్కినప్పుడు ట్రెయిలర్ బ్రేకులకి కరెంటు పంపే పరికరం) కూడా ఉండే అవకాశం ఎక్కువ (ఫోర్డ్ సూపర్ డ్యూటీకి 2005 మోడల్ నుంచే ఫ్యాక్టరీ కంట్రోలర్ ఆప్షన్‌గా వస్తోంది). మీది ఇదై, కంట్రోలర్ కూడా ఉంటే కొత్తగా వైరింగ్ ఏమీ అక్కర్లేదు, నేరుగా కింద టెస్టింగ్ దగ్గరికి వెళ్లిపోండి, కానీ టెస్టింగ్ మాత్రం మానకండి.

రెండోది, ఎక్కువమందికి ఉండేది: టో ప్యాకేజీ (ట్రెయిలర్ లాగడానికి ఫ్యాక్టరీలోనే అమర్చిన సరంజామా) ఉంది, బంపర్ కింద 7-పిన్ సాకెట్ ఉంది, బెడ్‌లో లేదు. మూడోది, పాత ట్రక్కు, లేదా నాలుగు వైర్ల బద్ద ప్లగ్ మాత్రమే ఉన్న ట్రక్కు. దానికి బ్రేకు వైరు, కరెంటు వైరు రెండూ ఇంజన్ దగ్గర్నుంచి కొత్తగా లాగాలి.

రెండో రకం వాళ్లకి వచ్చే ఆలోచన ఒకటుంది. బంపర్ కింద సాకెట్ ఉందిగా, ట్రెయిలర్ కేబుల్‌కి ఎక్స్‌టెన్షన్ వేసి టెయిల్‌గేట్ మీదుగా కిందకి వదిలితే సరిపోదా అని. ఒక్కసారి పొలం దాకా వెళ్లడానికి సరిపోతుంది. రోజూ అలా నడిపితే టెయిల్‌గేట్ అంచు కేబుల్ పై తొడుగుని కోసేస్తుంది, లేదంటే ఎవరో చూసుకోకుండా టెయిల్‌గేట్ మూసి నలిపేస్తారు. బిగువు మలుపు తిప్పినప్పుడు ప్లగ్ కొంచెం కొంచెంగా బయటికి జారుతుంది, అది డ్రైవర్ సీట్లోంచి కనపడదు. బెడ్‌లో సాకెట్ పెట్టుకోవడమే సరైన పని.

ఏడు వైర్లు, రెండు రకాల రంగులు

7-పిన్ సాకెట్‌లో ఉండేవి ఇవి: గ్రౌండ్, ట్రెయిలర్ బ్రేకులు, టెయిల్ లైట్లు, ఎడమ ఇండికేటర్ ప్లస్ బ్రేక్ లైటు, కుడి ఇండికేటర్ ప్లస్ బ్రేక్ లైటు, 12 వోల్టులు ఇచ్చే ఛార్జింగ్ వైరు, మధ్యలో గుండ్రటి పిన్‌కి రివర్స్ లైటు. వైరు మందం విషయంలో పిసినారితనం పనికిరాదు. గ్రౌండ్‌కీ 12 వోల్టుల వైరుకీ 10 గేజ్, బ్రేకులకి 12 గేజ్ (మూడు యాక్సిల్స్ ఉంటే 10), లైట్లకి 14. గేజ్ నంబరు తగ్గేకొద్దీ వైరు లావు పెరుగుతుందని గుర్తుంచుకోండి, ఇండియా స్క్వేర్ మిల్లీమీటర్ల లెక్కకి అలవాటు పడినవాళ్లు ఇక్కడ తికమక పడతారు.

ఇప్పుడు రంగులు. ఇక్కడే పనులు చెడిపోయేది. చిన్న ట్రెయిలర్ల పద్ధతిలో బ్రౌన్ వైరు టెయిల్ లైట్లకి, పసుపు ఎడమకి, ఆకుపచ్చ కుడికి. ఆర్‌వీలవాళ్ల (ఇల్లులా వాడే ప్రయాణపు బండ్లవాళ్ల) పద్ధతిలో ఆకుపచ్చ టెయిల్ లైట్లకి, ఎరుపు ఎడమకి, బ్రౌన్ కుడికి, పసుపు రివర్స్‌కి. అంటే అదే బ్రౌన్ వైరు ఒకచోట టెయిల్ లైటు, ఇంకోచోట కుడి ఇండికేటర్. రెండింట్లోనూ తెలుపు గ్రౌండ్, నీలం బ్రేకులు, నలుపు 12 వోల్టులు, ఈ మూడూ చాలావరకు నమ్మొచ్చు. కానీ మీ ట్రెయిలర్ సెకండ్ హ్యాండ్ అయితే ఆ మూడూ నమ్మకండి, పాత ఓనరు దగ్గర ఏ రంగు వైరుంటే ఆ రంగు అతికించి ఉండొచ్చు. రంగు చూసి వైరు కలపొద్దు, మీటరు పెట్టి ఏ వైరు ఏం చేస్తోందో తేల్చుకుని కలపండి. సాకెట్ వెనక ఒక్కో టెర్మినల్ పక్కన అది దేనిదో చిన్న అక్షరాల్లో ఉంటుంది, టార్చి వేసి చూడండి.

బెడ్ గోడకి కన్నం వేసే ముందు

సాకెట్‌కి మంచి చోటు డ్రైవర్ వైపు గోడ, వెనక చక్రం మీది ఉబ్బుకీ టెయిల్‌గేట్‌కీ మధ్య. ఉబ్బుకి ముందు వైపు వద్దు. చాలా అమెరికన్ పికప్స్‌లో ఇంధనం పోసే గొట్టం ఆ వైపే దిగుతుంది, డీజిల్ ట్రక్కయితే డెఫ్ (పొగని శుభ్రం చేసే ద్రవం) గొట్టం కూడా దాని పక్కనే ఉండొచ్చు. నేల నుంచి కొంచెం ఎత్తులో పెట్టండి, కంకరో ఎరువో పోసినప్పుడు సాకెట్ పూడిపోకుండా.

గోడ వెనక ఏముందో తెలియకుండా డ్రిల్ ఆన్ చేయకండి. దీనికొక సులువైన దారి ఉంది: టెయిల్‌గేట్ తెరిస్తే ఎడమ టెయిల్ లైటు పక్కన మామూలుగా రెండు స్క్రూలు కనపడతాయి, అవి తీసి లైటుని నెమ్మదిగా వెనక్కి లాగితే ఊడొస్తుంది, ఆ ఖాళీలోంచి టార్చి వేస్తే బెడ్ గోడకీ బయటి రేకుకీ మధ్య ఉన్న చోటంతా కనపడుతుంది. అడ్డపట్టీ ఎక్కడుంది, ఫ్యాక్టరీ వైర్లు ఎటు పోతున్నాయి, సాకెట్ వెనక భాగానికీ దాని కేబుల్ వంపుకీ లోతు సరిపోతుందా అన్నీ అప్పుడే తేలిపోతాయి. కొన్ని కొత్త ట్రక్కుల్లో పక్క వాహనాలని పసిగట్టే సెన్సర్ టెయిల్ లైట్లోనే ఉంటుంది, కనెక్టర్ లాక్ నొక్కి తీయండి, గుంజకండి.

తర్వాత బ్యాటరీ నెగటివ్ ఊడదీయండి. డీజిల్ ట్రక్కుల్లో సాధారణంగా రెండు బ్యాటరీలుంటాయి, రెండింటి నెగటివ్‌లూ తీయాలి. ఒకటి తీసి ఊరుకుంటే కరెంటు అలాగే ఉంటుంది.

కన్నానికి సాకెట్ డబ్బాలో వచ్చిన కాగితం నమూనానే వాడండి. గోడ మీద మాస్కింగ్ టేప్ అంటించి, దాని మీద గీసి, ముందు చిన్న బిట్‌తో మధ్యలో కన్నం వేసి, అప్పుడు హోల్ సా పెట్టండి. ఇనుప రజను ఊడ్చేయండి, బెడ్‌లో మిగిలిన ప్రతి తునకా మొదటి వానకి తుప్పు మచ్చ అవుతుంది. కన్నం అంచుని ఆకురాయితో నునుపు చేసి, పచ్చి ఇనుము కనపడకుండా టచప్ పెయింట్ పూసి, ఆరాకే సాకెట్ బిగించండి. అల్యూమినియం బెడ్ ఉన్న ఫోర్డ్‌లకి తుప్పు బెంగ లేదు గానీ అంచు మాత్రం అంతే పదునుగా ఉంటుంది. మూత కీలు పైకి ఉండేలా పెడితే దాని బరువుకి అదే మూసుకుంటుంది.

వై హార్నెస్: టో ప్యాకేజీ ఉన్నవాళ్లకి

ఈ రకం ట్రక్కు ఉన్నవాళ్లు ఒక్క వైరు కూడా కోయక్కర్లేదు. బంపర్ కింద సాకెట్ వెనక ఫ్యాక్టరీ కనెక్టర్ ఉంటుంది. మీ మోడల్‌కి సరిపోయే వై హార్నెస్ (ఒక కనెక్టర్‌ని రెండు సాకెట్లకి పంచే వైర్ల కట్ట) కొనండి, కర్ట్, హాప్‌కిన్స్ లాంటి కంపెనీలవి దొరుకుతాయి. కనెక్టర్ లాక్ నొక్కి ఊడదీసి, హార్నెస్ ఒక చివర సాకెట్‌కి, రెండోది ట్రక్కు వైపు కనెక్టర్‌కి, మూడో పొడుగాటి కొమ్మ బెడ్ సాకెట్‌కి. బంపర్ సాకెట్ కూడా ఎప్పట్లాగే పనిచేస్తుంది, రెండింటికీ ఒకేసారి ట్రెయిలర్లు తగిలించకూడదు, అంతే.

కేబుల్‌ని ఫ్రేమ్ వెంబడి తీసుకెళ్లి, అడుగుకొక జిప్ టై వేస్తూ పైకి ఎక్కించండి. బ్రేక్ పైపుకీ ఇంధనం పైపుకీ కట్టకండి. లీఫ్ స్ప్రింగ్ పైకి లేచినప్పుడు ఎంత దూరం వస్తుందో, స్పేర్ టైరు దించేటప్పుడు ఏం తగులుతుందో చూసుకోండి. సైలెన్సర్ పైపుకి వీలైనంత దూరం. డీజిల్ ట్రక్కులో పొగ ఫిల్టర్ తనని తాను కాల్చి శుభ్రం చేసుకునేటప్పుడు ఆ చుట్టుపక్కల వేడికి ప్లాస్టిక్ తొడుగు కరిగిపోతుంది. రేకు అంచు దాటే ప్రతిచోటా రబ్బరు గ్రామెట్ పెట్టండి, సాకెట్‌లోకి వెళ్లేముందు కేబుల్‌ని కొంచెం కిందకి వంచి పైకి తిప్పండి, నీళ్లు ఆ వంపు దగ్గరే కారిపోతాయి.

పాత ట్రక్కుకి కొత్తగా లాగేవాళ్లు అతుకుల విషయంలో జాగ్రత్త. రెండు వైర్లని కలిపి ప్లాస్టిక్ క్లిప్‌తో నొక్కే ట్యాపులు వాడొద్దు, వాటి బ్లేడు వైరులోని సన్నతీగల్ని కొన్ని తెంపేస్తుంది, ఆ గాటులోంచి నీరు దిగి నెలల్లో రాగి పచ్చగా మారి పొడి రాలుతుంది. లోపల జిగురున్న హీట్ ష్రింక్ క్రింప్ కనెక్టర్లు వాడండి. మంచి క్రింపింగ్ టూల్‌తో నొక్కి, గట్టిగా గుంజి చూసి, అప్పుడు వేడి పెట్టండి. రెండు చివర్ల నుంచీ జిగురు కొంచెం పొంగి బయటికొచ్చిందంటే అది సీల్ అయినట్టు.

ఇంకో మాట. కొత్త ట్రక్కుల్లో లైట్లన్నీ కంప్యూటర్ మాడ్యూల్ చేతిలో ఉంటాయి. టెయిల్ లైటు వైరు మీద నేరుగా ట్రెయిలర్ లైట్లు తగిలిస్తే మాడ్యూల్‌కి అది లోపంలా కనపడుతుంది, పాడయ్యే ప్రమాదమూ ఉంది. టో ప్యాకేజీ లేని ట్రక్కుకి బ్యాటరీ నుంచి విడిగా కరెంటు తీసుకునే కన్వర్టర్ పెట్టండి. ఇండికేటర్ ఆరెంజ్ బల్బు, బ్రేక్ ఎర్ర బల్బు విడివిడిగా ఉన్న ట్రక్కులకి ఆ రెండింటినీ ఒక వైరు మీదకి తెచ్చే కన్వర్టర్ ఎలాగూ కావాలి.

బ్రేక్ కంట్రోలర్

దీనికి నాలుగే వైర్లు. నలుపు బ్యాటరీ పాజిటివ్‌కి, తెలుపు గ్రౌండ్‌కి, ఎరుపు బ్రేక్ పెడల్ స్విచ్‌కి, నీలం వెనక్కి సాకెట్‌లోని బ్రేకు టెర్మినల్‌కి. టో ప్యాకేజీ ఉన్న ట్రక్కులకి ఈ నాలుగూ డాష్ కింద ఒక కనెక్టర్‌లో సిద్ధంగా ఉంటాయి, మీ మోడల్ అడాప్టర్ కొని తగిలించడమే.

చేత్తో లాగేవాళ్లకి: నలుపు వైరు మీద, బ్యాటరీకి దగ్గరగా, దానంతటదే రీసెట్ అయ్యే సర్క్యూట్ బ్రేకర్ పెట్టాలి. ఒకటి రెండు యాక్సిల్స్‌కి 20 ఆంపియర్లు, మూడు యాక్సిల్స్‌కి 30. ఎందుకంటే ఒక్కో చక్రంలోని బ్రేక్ మ్యాగ్నెట్ పూర్తి శక్తి మీద సుమారు 3 నుంచి 4 ఆంపియర్లు లాగుతుంది, నాలుగు చక్రాలంటే 12 నుంచి 16. ఈ లెక్క గుర్తుపెట్టుకోండి, టెస్టింగ్‌లో పనికొస్తుంది. తెలుపు వైరుని డాష్ కింద కనపడిన ఏదో బోల్టుకి కాకుండా నేరుగా బ్యాటరీ నెగటివ్‌కి తీసుకెళ్లండి.

ఎరుపు వైరు దగ్గర నిదానం కావాలి. స్విచ్‌కి ఒకవైపు ఎప్పుడూ కరెంటు ఉంటుంది, రెండోవైపు పెడల్ నొక్కితేనే వస్తుంది. మీకు కావాల్సింది రెండోది. మీటరు పెట్టి చూడండి: పెడల్ వదిలితే సున్నా, నొక్కితే 12. అక్కడితో ఆపకండి. ఇండికేటర్ వేసి చూడండి, నాలుగు లైట్లూ మిణుకుమిణుకుమనే హజార్డ్ స్విచ్ వేసి చూడండి. మీటరు కదిలితే మీరు తప్పు వైరు పట్టుకున్నారు, దానికి కలిపితే హజార్డ్ వేసినప్పుడల్లా ట్రెయిలర్ బ్రేకులు పట్టి వదులుతుంటాయి.

కొనేటప్పుడు ప్రొపోర్షనల్ రకమే తీసుకోండి. టైమ్ డిలే రకం చవకే, కానీ మీరు ఎంత గట్టిగా ఆపుతున్నా, ఎంత మెల్లగా ఆపుతున్నా దానికి ఒకటే, పెట్టిన లెక్క ప్రకారం బ్రేకులు వేసుకుంటూ పోతుంది. ప్రొపోర్షనల్ కంట్రోలర్ ట్రక్కు ఎంత వేగంగా తగ్గుతోందో సెన్సర్‌తో చూసి దానికి తగ్గట్టు కరెంటు పంపుతుంది. అందుకే అది ఊగని చోట, ట్రక్కు వెళ్లే దిశకి సరిగ్గా సమాంతరంగా బిగించాలి. బరువైన గూస్‌నెక్‌లు కొన్నింట్లో కరెంటుతో నడిచే హైడ్రాలిక్ బ్రేకులుంటాయి, వాటికి ఆ మోడ్ ఉన్న కంట్రోలరే కావాలి, కొనేముందు ట్రెయిలర్ కింద చూసుకోండి.

12 వోల్టుల ఛార్జింగ్ వైరు సంగతి చిన్నదే. బ్యాటరీ దగ్గర ఫ్యూజు, ఇంజన్ ఆఫ్ చేస్తే తెగిపోయేలా ఒక రిలే. రిలే లేకపోతే రాత్రి ట్రెయిలర్ తగిలించి వదిలేసిన ట్రక్కు పొద్దున స్టార్ట్ అవ్వదు. కొన్ని పాత ట్రక్కుల్లో ఫ్యాక్టరీ వాళ్లు ఈ వైరు వెనకదాకా వేసి, ముందు ఫ్యూజు బాక్స్ దగ్గర కలపకుండా వదిలేశారు. సాకెట్‌లో 12 వోల్టులు రావట్లేదంటే ముందు అక్కడ చూడండి.

గ్రౌండ్

గూస్‌నెక్‌ల్లో వచ్చే వింత సమస్యల్లో ఎక్కువ భాగం దీనివే. ఎడమ ఇండికేటర్ వేస్తే టెయిల్ లైట్లు కూడా దాంతోపాటు మినుకుమంటున్నాయా? బ్రేక్ నొక్కగానే మిగతా లైట్లు మసకబారుతున్నాయా? బల్బులు మార్చకండి, కంట్రోలర్‌ని తిట్టకండి, గ్రౌండ్ చూడండి. వెనక్కి పోవాల్సిన కరెంటుకి సరైన దారి లేక ఇంకో బల్బు గుండా దారి వెతుక్కుంటోంది.

బాల్ ద్వారా గ్రౌండ్ దొరుకుతుందిలే అనుకోకండి. 2 5/16 అంగుళాల బాల్ మీద గ్రీజు ఉంటుంది, కప్లర్ (బాల్‌ని పట్టుకునే ట్రెయిలర్ భాగం) దాని మీద తిరుగుతూ ఉంటుంది. ఒకసారి అందుతుంది, ఒకసారి అందదు. లైట్లు దాంతో ఎలాగో వెలుగుతాయి, 15 ఆంపియర్లు అడిగే బ్రేకులకి అది ఏమూలకీ చాలదు. సాకెట్ తెలుపు వైరు 10 గేజ్‌లో ఫ్రేమ్‌కి వెళ్లాలి. ఫ్రేమ్ మీద పెయింట్ మెరిసే ఇనుము కనపడేదాకా గీకి, రింగ్ టెర్మినల్, పళ్లున్న స్టార్ వాషర్ పెట్టి బోల్టు బిగించి, ఆ తర్వాత పైన పెయింట్ కొట్టండి. ట్రెయిలర్ వైపు కూడా ఇదే పని, నెక్ దగ్గరి జంక్షన్ బాక్స్ తెరిచి ఆ గ్రౌండ్ బోల్టు ఎలా ఉందో చూడండి.

ట్రెయిలర్ కేబుల్, బ్రేక్‌అవే

కేబుల్ మరీ బిగువుగా ఉండకూడదు, బెడ్‌లో ఈడ్చుకుంటూ ఉండకూడదు. ఖాళీ స్థలంలో ట్రక్కుని రెండు వైపులా వీలైనంత తిప్పి, ఒకరు బయట నిలబడి చూస్తే ఎంత పొడవు కావాలో తెలుస్తుంది. ప్లగ్ బ్లేడ్లకి డైఎలెక్ట్రిక్ గ్రీజు పలచగా రాయండి.

బ్రేక్‌అవే స్విచ్ అంటే ట్రెయిలర్ ట్రక్కు నుంచి ఊడిపోతే దాని పిన్ లాగబడి, ట్రెయిలర్ మీది చిన్న బ్యాటరీతో బ్రేకులు వాటంతటవే పడటం. వాణిజ్య వాహనాలకి ఫెడరల్ నియమం అలా పడిన బ్రేకులు కనీసం 15 నిమిషాలు పట్టి ఉంచాలంటుంది, సొంత పనికి వాడేవాళ్లు కూడా అదే కొలత పెట్టుకోవడం మంచిది. దాని కేబుల్‌ని సేఫ్టీ చైన్‌కి తగిలించొద్దు, విడిగా ట్రక్కుకే కట్టండి.

టెస్టింగ్

నెగటివ్ తిరిగి బిగించి, ట్రెయిలర్ తగిలించకుండా ముందు సాకెట్ చూడండి. మీటరు నల్ల మొన గ్రౌండ్ టెర్మినల్‌లో, ఎర్ర మొన ఒక్కో టెర్మినల్‌లో. ఫ్రేమ్ మీద నల్ల మొన పెట్టి కొలిస్తే సాకెట్ గ్రౌండ్ బాగుందో లేదో తెలియదు. ఎడమ, కుడి, టెయిల్, బ్రేక్ లైటు, రివర్స్, 12 వోల్టులు, లోపల ఒకరు కూర్చుని వేస్తుంటే బయట మీరు చూడండి. బ్రేకు టెర్మినల్‌కి కంట్రోలర్ మీది మాన్యువల్ లివర్ (పెడల్ ముట్టకుండా ట్రెయిలర్ బ్రేకులు మాత్రమే వేసే మీట) నెమ్మదిగా నొక్కితే వోల్టేజ్ పెరగాలి. ఫ్యాక్టరీ కంట్రోలర్లు కొన్ని ట్రెయిలర్ తగిలితే తప్ప ఏమీ పంపవు, సున్నా చూపిస్తే కంగారు పడకండి.

ఇప్పుడు ట్రెయిలర్ తగిలించి, డీసీ ఆంపియర్లు కొలిచే క్లాంప్ మీటరుని నీలం వైరు చుట్టూ వేసి, గెయిన్ (ట్రెయిలర్ బ్రేకులు ఎంత బలంగా పడాలో కంట్రోలర్ మీద పెట్టే సెట్టింగు) పూర్తిగా పెంచి మాన్యువల్ లివర్ ఆఖరుదాకా నొక్కండి. నాలుగు బ్రేకులున్న ట్రెయిలర్‌కి 12 నుంచి 16 మధ్య రావాలి. 9, 10 దగ్గర ఆగిపోతే నాలుగింట్లో ఒక మ్యాగ్నెట్‌కి కరెంటు అందట్లేదన్నమాట, యాక్సిల్ మీద ఒక్కో చక్రం దగ్గర వైరు వెతకండి. అన్నీ పనిచేస్తున్నా లెక్క తక్కువ వస్తుంటే, లివర్ నొక్కి పట్టి ట్రక్కు బ్యాటరీ దగ్గరా, ట్రెయిలర్ జంక్షన్ బాక్స్ దగ్గరా వోల్టేజ్ కొలవండి. తేడా ఒక వోల్టు దాటితే ఎక్కడో సన్న వైరో వదులు గ్రౌండో ఉన్నట్టే. ఒక్క క్లాంప్ మీటరుతో చక్రాలు విప్పకుండా ఇంత తెలుస్తుంది, అది కొనడానికి వెనకాడకండి.

బ్రేక్‌అవే టెస్ట్ చేసేటప్పుడు ట్రక్కు ప్లగ్ తీసేయాలి, లేకపోతే ఆ కరెంటు వెనక్కి కంట్రోలర్‌లోకి పోవచ్చు. పిన్ లాగి, ట్రక్కుతో మెల్లగా కొంచెం ముందుకి లాగితే ట్రెయిలర్ చక్రాలు పట్టేయాలి. వెంటనే పిన్ తిరిగి పెట్టేయండి, మర్చిపోతే ఆ చిన్న బ్యాటరీ ఖాళీ అయిపోతుంది.

గెయిన్

లోడు ఎక్కించి, తడి లేని సమతలమైన ఖాళీ రోడ్డు మీద గంటకి 25 మైళ్ల వేగంలో పెడల్ ముట్టకుండా మాన్యువల్ లివర్ మాత్రమే పూర్తిగా నొక్కండి. ట్రెయిలర్ చక్రాలు లాక్ అయి రోడ్డు మీద ఈడ్చుకుంటే గెయిన్ తగ్గించండి, వెనక నుంచి లాగి పట్టినట్టు అనిపించకపోతే పెంచండి. లాక్ అవ్వడానికి ఒక్క మెట్టు కింద ఆపడమే లక్ష్యం. కొత్త బ్రేకులకి మొదట పట్టు తక్కువ, కొన్నిసార్లు వేసి వేడెక్కాక మళ్లీ సరిచూడండి. ట్రాక్టర్ దించేసి ఖాళీ ట్రెయిలర్‌తో తిరిగొచ్చేటప్పుడు ఇదే గెయిన్‌తో చక్రాలు లాక్ అవుతాయి, బయలుదేరే ముందే తగ్గించుకోండి.